పలక అంటే ఏ పలక?

పోయిన వారం నా ఫోనుకు ఒక ఆహ్వానపత్రిక వచ్చింది. పులివెందులలో జరిగే సాంస్కృతిక సభలో నేను గిటార్ మీద ఒంటరిగా వాయించబోయే నా సొంత రచన పేరు ‘పలక’. ఆ పేరు పక్కన బడిపిల్లల నల్లపలక, దాని మీద అ, ఆలు, ఒక బలపం బొమ్మ వేశారు. నేను పేరు పెట్టింది ఆ పలకది కాదు. మా తాత శామేలు భుజానికి తగిలించుకుని, శవాల ముందు నడుస్తూ వాయించిన తోలు పలకది. సభ కార్యదర్శికి ఫోన్ చేస్తే, “తెలుసు పాపా, శుభమా అని సభ పెట్టుకుని చావు పలక ఎందుకని సదువుకునే పలక ఏసినాం” అన్నారు. పొరపాటైతే నవ్వి ఊరుకునేదాన్ని. తెలిసే చేశారు. ఎదురుగా కూర్చుని మాట్లాడాలని శనివారం బయలుదేరాను. దారిలో మరో పని కూడా ఉంది. రచనలో ఒక చోట అసలు ఏం వాయిస్తారో నాకు తెలియదు. అది తెలిసినవాడు మా చిన్నతాత ఒక్కడే.

ప్రొద్దుటూరులో ఆరూముప్పావుకు జమ్మలమడుగు పల్లెవెలుగు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. గిటార్ పెట్టె చూసి కండక్టర్, “ఏందమ్మా, శవపెట్టె మాదిరి ఉండాది” అన్నాడు. ఆయనకు తెలియకుండానే సరిగ్గా చెప్పాడు. ఎండ పడని వైపు సీటు ఇప్పించాడు కూడా. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేను. గిటార్ చర్చిలో పాటల వెనక వాయిస్తూ మొదలుపెట్టి, ఫోన్లో పాఠాలు చూసి వేళ్లతో మీటే శాస్త్రీయ పద్ధతి నేర్చుకున్నాను. లావు తీగలు రెండింటిని ఒకదాని మీద ఒకటి ఎక్కించి నొక్కి మీటితే మంట దగ్గర కాచిన తోలు పలకలా గరగరమంటుంది. ఆ శబ్దం మొదటిసారి విన్న రోజే ఈ రచన మొదలైంది.

ముప్పావుగంటలో జమ్మలమడుగు. బస్టాండు బయట నలభై రూపాయలకు ఉగ్గాని, బజ్జీ తిని, పెద్దముడియం వైపు వెళ్లే షేర్ ఆటో ఎక్కాను. మనిషికి ముప్పై. ఆటో దిగి వెళ్లేసరికి చిన్నతాత దావీదు తన గుడిసె ముందు శనగకట్టె మంట వేసి అప్పటికే పలక కాచుతున్నాడు. ఎండకు తీగలు వదులై నా గిటార్ శ్రుతి తప్పిందని చెబితే తెగ నవ్వాడు. “మాది కాచితే బిగుస్తాది. నీది సడలిపోతాదా? ఇంగ యాడ పనికొస్తాది?”

నడక దరువు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. దారి మధ్య పాడె దించే చోటు, దింపుడు కల్లం దగ్గర ఏం వాయిస్తారో తెలియదు. అక్కడ నేను వేగంగా మీటే వరుసలు కొన్ని అల్లి పెట్టుకున్నాను. వాయించి వినిపించాను. చిన్నతాత పలక మీద అరచెయ్యి ఆనించి మూసేశాడు.

“ఆడ వాయించగూడదు పాపా. సచ్చినోళ్ల చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. పేరు పిలిచేటప్పుడు పలక మూసుకోవాల. మూడోసారి అయినాక ఒకటే దెబ్బ. మళ్లా నడక.”

ఎంతమంది పేర్లకోసం మా తాత పలక మూసుకున్నాడో. ఆయన్ని మాత్రం ఊళ్లో ఎవరూ శామేలు అని పిలవలేదు, ‘పలకోడా’ అనే పిలిచేవాళ్లు. ఆయన పోయిన రోజు చర్చి పెద్దలు పలక వద్దన్నారు. ప్రార్థన చేసి పూడ్చారు. ఆ రోజు పలక మోగలేదు, ఎవరూ పాడె దించి పేరు పిలవలేదు.

పదకొండుకు తిరిగి జమ్మలమడుగు చేరాను. పులివెందులకు నేరుగా బస్సు దొరక్క ముద్దనూరులో మారాను. అంతా కలిపి రెండు గంటలు పైనే పట్టింది. కార్యదర్శి మర్యాదగానే కూర్చోబెట్టి టీ తెప్పించారు. రచన వాయించమన్నారు. కళ్లు మూసుకుని విన్నారు, కాలితో తాళం కూడా వేశారు.

“లయ శానా బాగుండాది. లయనే ఉంచుకో. పేరెందుకు?”

“లయ మా తాతదే సార్” అన్నాను.

ఆహ్వానపత్రికలు అచ్చయిపోయాయని, వ్యాఖ్యాత ‘రాయలసీమ జానపద లయ’ అని మాత్రమే చెబుతారని అన్నారు. నన్ను మాట్లాడనివ్వమని అడిగితే వేదిక మీద కళాకారులు ప్రసంగాలు చేయకూడదట. సభ రోజు రాత్రి నా బసకూ భోజనానికీ అన్ని ఏర్పాట్లూ చేస్తామన్నారు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. నా వేళ్లకు గౌరవం ఉంది, అవి ఎవరివో చెప్పడానికి మాత్రం చోటు లేదు. తర్వాత ఆయనే అడిగారు: “నడుమ ఖాళీ వచ్చిందే, మర్చిపోయినావా?”

“లేదు సార్. ఆడ ఒకరిని పిలవాల.”

ఎవరినని ఆయన అడగలేదు.

సాయంత్రం తిరుగు బస్సులో స్వరలిపి కాగితం తీసి, నేను అల్లిన వరుసలన్నీ కొట్టేశాను. వాటి చోట మూడు మౌనాలకు గుర్తులు పెట్టి, ఒక్కోదాని కింద ‘శామేలూ’ అని రాశాను. సభ రోజు తీగలన్నింటినీ అరచేత్తో మూసి, నా ముందున్న మైకులో మూడుసార్లు గట్టిగా పిలుస్తాను. అది ప్రసంగం కాదు. రచనలో భాగం. నాకు రాతపలక కొనిచ్చింది తోలు పలక వాయించిన మనిషే. మొదటి పలకను చూపించి రెండోదాన్ని దాచితే, ఆయన చేతుల్నే నరికినట్టు. అందుకు నేను ఒప్పుకోను.

మీరూ మీ ఇంటి వాయిద్యం మీద ఏదైనా రాసి సభకు పంపితే ఒక్క పని చేయండి. పేరుతో పాటు ఫొటో కూడా మీరే పంపండి. మంట పక్కన చిన్నతాత పలక ఫొటో ఇప్పుడు నా ఫోనులో ఉంది. ముందే పంపాల్సింది. బొమ్మ వాళ్లకు వదిలేస్తే, వాళ్లకు నచ్చిన పలకే వేస్తారు.