మెస్సు డబ్బాకి వెలుతురు పరీక్ష

ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి క్యాంపులో ఉన్నవి ఇవి: ఇరవై అడుగుల ఇనుప కంటైనర్లు తొమ్మిది. నలభై అడుగుల ట్రెయిలర్ ఒకటి, ఖాళీగా. గనిలో అడిగి తెచ్చుకున్న హైడ్రా క్రేన్ ఒకటి. నీళ్ల ట్యాంకరు ఒకటి, దాని నీడలో రెండు కుక్కలు. ఉన్నవాళ్లు: విశాఖపట్నం నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు, మా వెల్డరు, మెస్సు నడిపే అక్క, నేను. ట్రెయిలర్ డ్రైవరు, క్రేన్ నడిపే అతను క్యాబిన్లలో నిద్రపోతున్నారు కాబట్టి వాళ్లని లెక్కలో వేసుకోలేదు. మిగతా వాళ్లందరూ షిఫ్టుకి కొండ మీదికి వెళ్లిపోయారు.

క్యాంపు దంతెవాడ దాటాక, ఇనుప ఖనిజం తవ్వే కొండల కింద ఉండేది. క్రషర్లకు, కన్వేయర్ బెల్టులకు మరమ్మతులు చెయ్యడం మా కాంట్రాక్టరు పని. నేను మెకానికల్ డిప్లొమా చేసి అతని దగ్గర సూపర్‌వైజరుగా చేరాను. మా నాన్న ఆ గనుల్లోనే పని చేశాడు. నేను పెరిగింది కూడా ఆ టౌన్‌షిప్పులోనే కాబట్టి ఆ ఎర్రమట్టి నాకు కొత్త కాదు. పనితో పాటు క్యాంపు సామాను రిజిస్టరు కూడా నా చేతిలో ఉండేది. ఏది ఎక్కడుంది, ఏది చెడింది, ఎవరు చెడగొట్టారు అన్నీ అందులో రాసేవాణ్ణి.

మేమంతా కంటైనర్లలోనే కాపురం. సముద్రాల మీద సరుకు మోసి పాతబడ్డాక వాటిని విశాఖపట్నంలో ఒక వ్యాపారి అద్దెకిచ్చేవాడు. కంటైనర్ అని ఎవరూ అనేవాళ్లు కాదు. డబ్బా అనేవాళ్లు. నాది మూడో డబ్బా. దానికి రెండడుగుల కిటికీ, కిటికీలో కూలరు. నాలుగోది మెస్సు. దాని వెనక సగంలో అక్క మంచం, ట్రంకు పెట్టె. ముందు సగంలో బియ్యం బస్తాలు, పప్పు, నూనె. వంట బయట టార్పాలిన్ కింద.

అక్కది కోంటా దగ్గర శబరి ఒడ్డున ఒక ఊరు. భర్త లేడు, భూమి లేదు. వరి నాట్లకీ కోతలకీ తప్ప అక్కడ కూలి దొరకదు. క్యాంపుకి వచ్చిన కొత్తలో ఆమెకి తడికెల షెడ్డు ఇచ్చారట. రెండుసార్లు ఎలుగుబంటి వచ్చి బెల్లం తిని, నూనె పారబోసి పోయింది. అప్పుడు కాంట్రాక్టరు ఒక డబ్బా ఇచ్చి, సామాన్లు తాళం పడే చోట ఉంటేనే మెస్సు, లేదంటే టౌన్‌షిప్పు క్యాంటీన్ నుంచి క్యారియర్లు తెప్పిస్తానని చెప్పాడు. అంటే డబ్బా ఉన్నన్నాళ్లే ఆమెకి పని, ఉండటానికి చోటు. ఈ సంగతి క్యాంపులో అందరికీ తెలుసు.

నేను చేరిన మొదటి ఎండాకాలంలో ఆమె నన్ను ఒకటే అడిగింది.

"సారూ, ఒక్క కిటికీ కోయించు. లోపల కుక్కర్ల పప్పు లెక్క ఉడుకుతున్న."

"అగ్రిమెంట్లో డబ్బాలు కొయ్యకూడదని ఉంది అక్కా."

"నీ డబ్బాకు ఉన్నది గద?"

"అది నేను రాకముందే కోశారు."

"ఐతే కిటికీ కోసం నేను జెర ముందు పుట్టాల్నా ఏంది?" అని నవ్వి, పోపు వెయ్యడానికి వెళ్లిపోయింది.

మళ్లీ అడగలేదు. మిగతా వాళ్లు నన్ను అడగనైనా అడగలేదు. ఆదివారాలు నేను జగదల్‌పూర్ వెళ్లినప్పుడు వెల్డరుని బతిమాలి కోయించుకున్నారు. తిరిగి వచ్చి నేను కొలతలు తీసి రిజిస్టరులో రాసేవాణ్ణి: ఒకటో డబ్బా, కిటికీ. ఐదు, కూలరు కంత. ఎనిమిది, కిటికీ, పొగ గొట్టం. అలా ఆరు డబ్బాలు కోసినవి. మూడు కొయ్యనివి: పనిముట్ల డబ్బా, ఆయిలు డబ్బా, మెస్సు డబ్బా.

వానాకాలంలో మెస్సు డబ్బా పైకప్పు కారి బియ్యం తడిసింది. తుప్పు పట్టిన చోట చిల్లులు ఎక్కడున్నాయో బయటి నుంచి తెలియదు. సామాన్లు బయట పెట్టించి, ఒక మధ్యాహ్నం స్టూలు, సుద్దముక్క తీసుకుని నేను లోపలికి వెళ్లి తలుపులు వేయించుకున్నాను. కాసేపటికి కళ్లు చీకటికి అలవాటు పడ్డాయి. చిల్లు ఉన్న ప్రతిచోటా ఒక చుక్క వెలుతురు. ఒక్కో చుక్క చుట్టూ గుండ్రం గీసి, పక్కన నంబరు వేశాను. పదిహేడు. వెల్డరు నాలుగు రోజుల పాటు టీ విరామాల్లో కప్పెక్కి వాటిని మూశాడు. అతనిది శ్రీకాకుళం వైపు. "ఏటి బాబూ, ఇది కప్పా, జల్లెడా?" అని పైనుంచి అరుస్తూనే ఉన్నాడు. అక్క దాని మీద రెండు పూతలు రెడాక్సైడ్ రంగు తనే వేసింది. మర్నాడు వాన కురుస్తుండగా బస్తాల మీద చెయ్యి పెట్టి చూసి, "పొడిగున్నయి" అని నాకు వినబడేలా కేకేసింది. ఆ తరవాత ఏటా వానలకి ముందు తనే కప్పెక్కి, తుప్పు గీకి, రంగు వేసేది. క్యాంపులో అంత బాగున్న డబ్బా ఇంకోటి లేదు.

కరోనా రెండో ఏడాది క్రషర్‌కి రావలసిన పెద్ద బేరింగు ఒకటి విదేశం నుంచి ఓడలో బయలుదేరి దారిలో ఇరుక్కుపోయింది. అది ఎక్కడుందో చూడటం నా పని. రోజూ టిఫిను దగ్గర ఫోన్లో ఓడల వార్తలు చదివేవాణ్ణి. అమెరికా రేవుల బయట ఓడలు వరస కట్టి నిలబడ్డాయి. దించిన కంటైనర్లు అక్కడే ఖాళీగా పేరుకుపోయాయి. ఇటు ఆసియాలో సరుకు ఎక్కించడానికి కంటైనర్లు లేవు. రవాణా ధర రెట్లకు రెట్లు పెరిగింది. ఇనుప తుక్కు కింద పోవలసిన పాత కంటైనర్లకి కూడా గిరాకీ వచ్చింది. ఇవన్నీ వరసగా చెప్పేవాణ్ణి. నాకు ఓడల సారు అని పేరు పెట్టారు.

"గన్ని ఓడలుండి డబ్బాలు లెవ్వా?" అని అక్క అడిగేది.

"డబ్బాలు ఉన్నాయి. కావలసిన చోట లేవు."

"నీ ఉప్మాలో జీడిపప్పూ అంతే గదేటి" అనేవాడు వెల్డరు. "ఉంటాదంటారు. నా ప్లేట్లోకే రాదు."

"నువ్వు ఇచ్చే పైసలకు ఉప్మాల ఉప్పుండుడే ఎక్కువ, అన్నా."

ఆ వార్తలు చదువుతూ నేను వీపు ఆనించి కూర్చున్నది మెస్సు డబ్బాకే. పాత కంటైనర్లకి గిరాకీ అన్న మాట నా నోటితోనే చెప్పాను. దాని గురించి ఇంకేమీ ఆలోచించలేదు.

నెల తిరక్కుండా వ్యాపారి నుంచి ఉత్తరం వచ్చింది. సముద్రానికి పనికొచ్చే డబ్బాలు వెనక్కి కావాలన్నాడు. కోసినవి వద్దన్నాడు. కొయ్యనివి ఎన్ని అని కాంట్రాక్టరు నన్ను ఫోన్లో అడిగాడు. మెస్సు డబ్బా పోతే ఏం చేస్తారని నేను అడిగాను. క్యారియర్లు మాట్లాడేశానన్నాడు. రిజిస్టరు తెరిచి, మూడు అని చెప్పాను. ఆ డబ్బా పోతే పోనివ్వండి అన్నట్టే వినబడి ఉంటుందని ఇప్పటికీ అనిపిస్తుంది. మామూలు గొంతుతోనే చెప్పాను.

అందుకే ఆ పొద్దున ఇన్‌స్పెక్టరు వచ్చాడు. లావుపాటి మనిషి, చెమటకి తువ్వాలు తడిసిపోయింది. పనిముట్ల డబ్బా పాసైంది, క్రేన్ దాన్ని ఎత్తి ట్రెయిలర్ మీద ముందు సగంలో పెట్టింది. ఆయిలు డబ్బా అడుగు చెక్క కుళ్లిందని వదిలేశాడు. ట్రెయిలర్ మీద ఇంకో డబ్బాకి చోటుంది. మెస్సు డబ్బా నాలుగు మూలల స్తంభాలు, తలుపు రబ్బర్లు, అడుగు చూసి టిక్కులు పెట్టాడు.

"ఇంకా వెలుతురు పరీక్ష ఉందండి. నేను మళ్లీ ఆ పొయ్యిలోకి వెళ్లలేను. మీరు చదువుకున్నవారు కదా, లోపలికెళ్లి ఎన్ని చిల్లులున్నాయో లెక్క చెప్పండి. రెండు దాకా పరవాలేదు, మేం మూసుకుంటాం. మూడైతే వదిలేస్తాను."

ఆయన నీడకి వెళ్లాడు. అక్క సామాన్లు ఇంకా బయట పెట్టలేదు. ఆమె నా దగ్గరికి వచ్చి మెల్లగా అంది.

"మూడు అను, సారూ."

నేను జేబులో టార్చి తడుముకున్నాను.

"లోపలికి ఎవరొస్తరు చూడనీకి? మూడు అను, అంతే."

వెల్డరు రెంచి తుడుచుకుంటూ, "బాబూ, నే మూసినియ్యే. గేరంటీ నాది. ఊడిపోనాయని చెప్పీ, పరువు పోతే నాదే పోద్ది" అన్నాడు.

లోపలికి వెళ్లాను. వాళ్లే తలుపులు వేశారు. ఇంగువ వాసన, గోనె వాసన. రూలు ప్రకారం కళ్లు అలవాటు పడేదాకా ఆగాలి. మూడు వందల దాకా లెక్కపెట్టాను. చెమట కళ్లలోకి దిగింది. పైన ఎక్కడా చుక్క లేదు. గోడల్లో లేదు. తలుపు అంచుల్లో లేదు. టార్చి వేస్తే కప్పు మీద నా సుద్ద గుండ్రాలు, నంబర్లతో సహా, అలాగే ఉన్నాయి. ఒకటి నుంచి పదిహేడు దాకా టార్చితో తాకుతూ వెళ్లాను. తప్పు లెక్క నేను ఎప్పుడూ ఎక్కడా రాయలేదు. ఆ డబ్బాలో నిలబడి అది మంచో చెడో తేల్చుకున్నానని చెప్పలేను. అసలు ఏమీ అనుకున్నట్టు గుర్తు లేదు.

తలుపు కొట్టాను. తెరిచారు.

"ఎన్నండీ?" అని ఇన్‌స్పెక్టరు నీడలోంచి అరిచాడు.

"ఏమీ లేవు" అన్నాను.

ఆయన టిక్కు పెట్టాడు. ఓడ ఎక్కేముందు డబ్బా మీది నంబరు మారుస్తామని చెప్పి, పాతదీ కొత్తదీ రెండూ ఫారంలో నాచేతే రాయించాడు. సామాన్లు బయటపెట్టడానికి ముప్పావు గంట పట్టింది. నేను బస్తాలు మోశాను, వెల్డరు మంచం మోశాడు. క్రేన్ డబ్బాని ఎత్తినప్పుడు దాని కింద నేల పొడిగా, పాలిపోయి, సరిగ్గా ఇరవై అడుగుల పొడవున కనిపించింది. మధ్యాహ్నం క్యారియర్లు వచ్చాయి. సాయంత్రం జీపులో ఆమె ట్రంకు పెట్టెతో దంతెవాడ వెళ్లింది, అక్కణ్ణించి బస్సు.

మరుసటేడు నేను ఆ పని మానేసి భద్రాచలం వైపు ఉద్యోగానికి వెళ్తూ జగదల్‌పూర్‌లో సుక్మా మీదుగా పోయే బస్సెక్కాను. తోంగ్‌పాల్‌లో టీకి ఆపారు. హోటల్లో పెద్ద బాండీ ముందు అక్క ఉంది. బజ్జీలు తీస్తోంది. నన్ను చూసి గరిటె పక్కన పెట్టలేదు.

"ఓడల సారు. కూసో."

ఒక ప్లేటు పెట్టింది. బస్సు వాళ్లకి బజ్జీలు ఇచ్చాక వచ్చి ఎదురుగా నిలబడింది.

"నా డబ్బా ఏడున్నది?"

కొత్త నంబరు ఫోన్లో దాచుకున్నాను. దానితో డబ్బా ఎక్కడుందో అప్పుడప్పుడూ చూసేవాణ్ణి. సిగ్నలు నెమ్మదిగా వచ్చింది. "ఆఫ్రికాలో మొంబాసా అని ఒక రేవు. అక్కడ దించారు."

"ఏం పోసిన్రు అండ్ల?"

"అది రాయరు అక్కా."

"బియ్యమే పోసుంటరు." చేతులు చీరకి తుడుచుకుంది. "మూడు అనమన్న. నీకు నోరు రాలే."

"రాలేదు."

"గప్పుడు, వానలప్పుడు, ఎన్నుండె?"

"పదిహేడు."

"వాళ్లు వచ్చిన నాడు?"

బస్సు హారను కొట్టింది. నా ప్లేట్లో రెండు బజ్జీలు మిగిలాయి.

"సున్నా" అన్నాను.