నా మీద ఇరవై దెబ్బలు

ఆషాఢం రెండో ఆదివారం, మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు, కోరుట్లలో మా బిడ్డ ఇంటి ముందు గదిలో మా ఆదివారాల పాచికల ఆట మొదలైంది. డిగ్రీ చదివే మనవరాలు కథ నడుపుతుంది. ఆమె స్నేహితురాళ్లు ముగ్గురూ, నేనూ తలా ఒక మనిషిగా మారి ఆ కథలో తిరుగుతాం. నేను పడవ నడిపే ఆడమనిషిని. దెబ్బ తగిలిందా లేదా అనేది ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. పన్నెండు, ఆ పైన పడితే తగిలినట్టు. శత్రువుల పాచికను మనవరాలు పాత క్యాలెండర్ అట్ట చాటున వేసి అంకె చెబుతుంది. మొదటిరోజే ఒక షరతు పెట్టుకున్నాం: చచ్చినవాళ్లు ఈ కథ ముగిసేదాకా మళ్లీ ఆడకూడదు.

సిరిసిల్లలో మగ్గాల షెడ్డులో ముప్పై ఏళ్లు పడుగు పోగులు లెక్కపెట్టాను. ఒక్క పోగు తప్పినా బట్ట మీద నిలువునా గీత పడుతుంది. ఆ అలవాటు కొద్దీ ఆటలో పడ్డ ప్రతి అంకెనూ నోటుబుక్కులో రాసుకున్నాను. తొమ్మిదో ఆదివారం తర్వాత ఇంటికొచ్చి అవన్నీ కూడి చూశాను. మిగతా ముగ్గురి మీద అరవై దెబ్బలు వేస్తే ఇరవై ఎనిమిది తగిలాయి. నా మీద ఇరవై వేస్తే ఒక్కటి.

వారమంతా కుదురు లేదు. బియ్యం ఏరుతూ లేచి వెళ్లి మళ్లీ కూడి చూశాను. అదృష్టమేమో అనుకున్నాను. అదృష్టం ఒక్క మనిషి దగ్గరే తొమ్మిది వారాలు నిలుస్తుందా? కథలో అందరినీ నది దాటించానని మురిసిపోయిన రోజు గుర్తొచ్చి సిగ్గేసింది. ఓడిపోయే వీలే లేనిచోట నేను చూపించిన ధైర్యం ఏపాటిది? పదో ఆదివారం బస్సులో మూడుసార్లు పుస్తకం తెరిచాను. రెండుసార్లు దిగిపోదామనుకున్నాను.

ఆరోజు కథలో మొసలి నా పడవను తిరగేసింది. మా ఆటలో ప్రాణానికీ అంకెలుంటాయి, అవి అయిపోతే చచ్చినట్టు. నాకు నాలుగు మిగిలాయి. మనవరాలు అట్ట చాటున మొసలి పాచిక వేసి, "ఏడు. తప్పింది అమ్మమ్మా" అంది.

"అట్ట తియ్యి."

"ఎందుకు?"

పుస్తకం ఆమె ముందు పెట్టాను. "ఇరవై దెబ్బలల్ల తొమ్మిది తగలాలె. ఒక్కటే తగిలింది. నన్ను ముసల్దని బతికిస్తున్నవా?"

జగిత్యాల నుంచి వచ్చే పిల్ల పుస్తకంలోకి తొంగిచూసింది. "మాకేమో ఇరవై ఎనిమిది గుద్దులా? గిదేం న్యాయమే! అమ్మమ్మా, జర ఆ లెక్క మాకియ్యి, దీని సంగతి మేం చూస్తం."

మనవరాలు నవ్వలేదు. "నువ్వు సచ్చిపోతే మల్ల ఆదివారం రావు గదా. గందుకే."

కథ నడిపేవాళ్లకు ఎవరినో ఒకరిని కాపాడుకోవాలనిపిస్తుంది, అది నాకు తెలుసు. కాని కాపాడిన ప్రతిసారీ నా ఆట కూడా ఆమే ఆడింది. రావడం ఆగిపోతుందన్న భయం నాకూ ఉంది. అయినా అన్నాను: "పాచిక అందరి ముందర వెయ్యి బిడ్డా."

వేసింది. చాప మీద దొర్లి నా మోకాలి దగ్గర ఆగింది. పదిహేడు. దెబ్బ ఎంతో తేల్చే ఆరు ముఖాల పాచిక నా చేతికిచ్చింది. నేనే వేశాను. ఐదు.

నోటుబుక్కులో రాశాను, పోయినవి: పడవ ఒకటి. తెడ్లు రెండు. తాడు ముప్పై మూరలు. పడవ నడిపే మనిషి ఒకతె. కథ ముగిసేదాకా నా ఆదివారాలు. వాటి ఎదురుగా అంకె ఇంకా రాయలేదు.