దమ్ పెట్టిన ఎంజైమ్

ఆ రోజుల్లో నేను కాలుగాలిన పిల్లిలా తిరిగేవాణ్ణి. కొత్త ఉద్యోగం అలాంటిది మరి! కోళ్ళ దాణాలో కలిపే ఎంజైమ్ పొడి అమ్మడం నా పని. తవుడులో, సజ్జల్లో ఉండే పీచు సరిగ్గా అరక్కపోతే గుడ్ల కోళ్ళు జిగటగా రెట్టలు వేస్తాయి, ఆ జిగట అంటి గుడ్లు మురికవుతాయి, ఈ పొడి ఆ పీచును అరిగిస్తుంది. ఇంతవరకు నాకు కంఠతా వచ్చు. మా మేనేజరు రెండు నెలలు గడువిచ్చి, "ఒక్కరైనా మళ్ళీ కావాలని అడగాలి. లేదంటే మీ ఊరి రైలెక్కెయ్" అన్నాడు. ఊళ్ళో మా నాన్న అప్పటికే మావాడికి హైదరాబాదులో ఉద్యోగమని వీధంతా చాటేశాడు (ఏం ఉద్యోగమో మాత్రం చెప్పలేదు).

దొరక్క దొరక్క దబీర్‌పురాలో, అందరూ ఖాలా (పిన్ని) అని పిలిచే ఒకావిడ దొరికింది. మేడ మీద అరవై కోళ్ళు పెంచి గల్లీకంతా గుడ్లు అమ్మేది. ప్యాకెట్టు చేతిలో పెట్టి, "దాణాలో బాగా కలపండి ఖాలా, చాలు" అన్నాను. మర్నాటి నుంచి ఆగలేకపోయాను. రోజూ సైదాబాద్‌లోని నా గది నుంచి బండి మీద పరుగున రావడం, మేడెక్కడం, గొంతుక్కూర్చుని రెట్టలు పరీక్షించడం. "ఏంది బేటా, కోళ్ళ దిక్కు సూడవు, గుడ్ల దిక్కు సూడవు, పొద్దుగాలనే ఈ గలీజు ఏం సూస్తున్నవ్?" అనేది ఖాలా. గల్లీలో నాకు రెట్టల సార్ అని పేరు స్థిరపడిపోయింది. పేరైతే వచ్చింది గానీ జిగట మాత్రం పోలేదు. నాకు అన్నం సయించడం మానేసింది.

మర్నాడు మేనేజరు స్వయంగా వస్తాడనగా, ఉండబట్టలేక రోజూ కంటే ముందే వెళ్ళాను. ఖాలా పొయ్యి దగ్గరుంది. పెద్ద డేగిసాలో తవుడూ సజ్జలూ కుతకుత ఉడుకుతున్నాయి. ఆవిడ నా పొడిని కుంకుమపువ్వులా పైన చల్లి, మూత పెట్టి, అంచుల చుట్టూ పిండి మెత్తి, మూత మీద నిప్పులు పోసింది.

"ఖాలా! ఏం చేస్తున్నారు?"

"దమ్ ఇస్తున్న బేటా. దమ్ ఇయ్యకుంటే లోపటికి ఎట్ల దిగుతది? నెల సంది మస్తు ప్యార్‌తోని వండుతున్న నీ మందు."

పొయ్యి పక్కనున్న ప్యాకెట్టు తీసి వెనక్కి తిప్పాను. చీమతలంత అక్షరాల్లో చివరి వరుస: వేడి తగలరాదు. నెలరోజులూ రెట్టలు చదివిన నేను ఆ ఒక్క వరుసా చదవలేదు!

"వేడికి ఇది చచ్చిపోతుంది ఖాలా. మీకు చెప్పలేదు, తప్పు నాదే. రేపటితో నా నౌకరీ పోతుంది" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"అరే, ఫికర్ చెయ్యకు. చాయ్ తాగు" అంది.

మర్నాడు మేనేజరు మేడెక్కి, కోళ్ళ కింద జిగట రెట్టలు చూసి మొహం చిట్లించాడు. నేను నోరు తెరిచేలోగా ఖాలా అందుకుంది.

"నేనే ఉడకబెట్టి దాని పానం తీసిన సాబ్. గలతీ నాది. ఇంకో ప్యాకెట్ ఇయ్యుండ్రి, సల్లగ కలుపుత. గానీ ఈ పిలగాడే రావాలె. నా కోళ్ళను గింత ఫికర్‌తోని నా కొడుకులు గూడ సూడలే."

కాదండీ, తప్పు నాది అనే మాట నా నోటిదాకా వచ్చింది. సిగ్గులేకుండా మింగేశాను.

చల్లగా కలిపాక రెట్టలు గట్టిపడ్డాయి, గుడ్లు తెల్లగా మెరిశాయి, నా ఉద్యోగమూ నిలిచింది. ఇప్పుడు మా ప్యాకెట్టు ముందువైపునే "వేడి దాణాలో కలపరాదు" అని ఎర్రటి పెద్ద అక్షరాలుంటాయి. పట్టుబట్టి వేయించింది నేనే. ఖాలా ఉన్నన్నాళ్ళూ ఆ ప్యాకెట్టు చూసి, "నా గలతీ గింత పెద్దగ రాయించినవా బేటా?" అని నవ్వేది. "మీది కాదు ఖాలా, నాది" అనేవాణ్ణి. మేనేజరు ముందు మింగిన మాట అలా ప్రతి ప్యాకెట్టు మీదా ఒప్పుకుంటున్నాను.