కుదుపు లేని ప్రయాణం

నరసాపురం బస్టాండుకు ఎదురుగా, సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుకీ టిఫిన్ హోటలుకీ మధ్య, ఒకరు కూర్చుంటే ఇంకొకరు నిలబడేంత జాగాలో బుల్లబ్బాయి టిక్కెట్లు బుక్ చేసేవాడు. బోర్డు మీద కూతురి పేరు పెట్టి సుప్రియ ట్రావెల్స్ అని రాయించాడు. ఇరవై రెండేళ్లుగా అదే పని. రైలు, బస్సు, విమానం, కారు, ఏది కావాలన్నా ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అతని దగ్గరికే వచ్చేవారు.

వచ్చినవాడు హైదరాబాదుకి టిక్కెట్ కావాలనగానే అతను కంప్యూటర్ వైపు తిరిగేవాడు కాదు. వెళ్లేది ఎవరు, సామాను ఎంత, దిగాక ఎక్కడికి వెళ్లాలి అని ముందు అడిగేవాడు. డబ్బు సంగతి ఆఖర్న. కువైట్ వెళ్లే ఆడవాళ్లకి ముందురోజు రైలే ఎక్కమని చెప్పేవాడు. బస్సు ఎక్కడైనా ఆగిపోతే విమానం పోతుందని. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి స్లీపర్ బస్సులో పై బెర్తు ఎంత తక్కువకి వచ్చినా ఇచ్చేవాడు కాదు. వెనక చక్రం మీద సీటు పసిపిల్లల తల్లికి అమ్మేవాడు కాదు. రొయ్యల చెరువుల మీద నాలుగు డబ్బులు చేసుకున్న ఒకాయన విమానం టిక్కెట్ కావాలని వస్తే, మధురపూడి విమానాశ్రయం దాకా మూడు గంటలు, అక్కడ పడిగాపులు గంటన్నర, శంషాబాద్ నుంచి ఊళ్లోకి మరో గంటన్నర అని కాయితం మీద వేసి చూపించి, రాత్రి రైల్లో ఏసీలో పడుకోండి, తెల్లారేసరికి దిగుతారు అని పంపేశాడు. కమీషన్ ఎక్కువొచ్చే టిక్కెట్టు చేతిదాకా వచ్చి పోయినా అతనికి చింత ఉండేది కాదు. వెళ్లినవాడు తిరిగొచ్చి, మీరు చెప్పినట్టే హాయిగా వెళ్లామండి అంటే ఆ రోజంతా హుషారుగా ఉండేవాడు.

అతని భార్య పాపాయి ఇంటిదగ్గర లేసు అల్లేది. మొగల్తూరు రోడ్డులో రెండు గదుల ఇల్లు, ముందు వరండా. ఆ వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని, చేతిలో లేసు సూది ఆడుతుండగానే వీధిలో పోయేవాళ్లందరితో కబుర్లు చెప్పేది. ముప్పయ్యేళ్లు అలా వంగి కూర్చుంది కాబట్టి నడుం నొప్పి అన్నప్పుడు ఇద్దరూ దాన్ని లేసు మీదే వేశారు. ఊళ్లో డాక్టరు మాత్రలిచ్చాడు. తగ్గలేదు. భీమవరంలో స్కాన్ తీసి, వెన్నుపూసలో గడ్డ ఉందనీ, ఆలస్యం చేయకుండా హైదరాబాదు తీసుకెళ్లమనీ చెప్పారు.

మొదటి ప్రయాణం కార్తీకంలో. బుల్లబ్బాయికి భయంగానే ఉన్నా, ప్రయాణం వరకూ తన చేతిలో పనే అనుకున్నాడు. బండి నరసాపురంలోనే బయలుదేరుతుంది కాబట్టి ముందే ఎక్కించి, కింది బెర్తు మీద దుప్పటి పరిచి పడుకోబెట్టాడు. పాపాయి పులిహోర కట్టింది. ఎదుటి బెర్తు వాళ్లకి కూడా పెట్టింది. పాలకొల్లు దాటేదాకా కిటికీలోంచి చూస్తూ, పెళ్లయ్యాక మీరు నన్ను రైలెక్కించడం ఇది మూడోసారి అని లెక్క చెప్పి నవ్వింది. ఊరందరికీ టిక్కెట్లు కొట్టిన మనిషి తనని ఎక్కడికీ తిప్పలేదని ఆమెకి ఎప్పట్నుంచో ఉన్న సరదా ఫిర్యాదు.

ఆపరేషన్ అయింది. గడ్డని పూర్తిగా తీయలేకపోయామని డాక్టర్లు చెప్పారు. ఇక మూడు వారాలకోసారి వచ్చి మందు ఎక్కించుకోవాలి. ఆ మందు మా ఊరి దగ్గర్లో ఇవ్వరా అని అడిగితే, ప్రస్తుతానికి ఇక్కడికే తీసుకురండి అన్నారు. వాళ్లు అన్నది ఒక్క మాటే. బుల్లబ్బాయికి మాత్రం అది రానుపోనూ ఎనిమిది వందల కిలోమీటర్లు.

రెండోసారి ఏసీ బోగీలో తీసుకెళ్లాడు. మెత్తటి బెర్తే, తెల్లటి దుప్పట్లే. అయితే సికింద్రాబాద్‌లో బండి అవతలి ప్లాట్‌ఫారం మీద ఆగింది. చక్రాల కుర్చీ కోసం పరిగెత్తి, దొరికినది తెచ్చేసరికి పాపాయి బెంచీకి చేతులానించి, కూర్చోలేక నిలబడలేక మధ్యలో వంగి ఉంది. అప్పటిదాకా అతను అమ్మిన టిక్కెట్లన్నీ ఎక్కేచోట నుంచి దిగేచోట దాకానే. ఆ రెండు చోట్లకీ అటూ ఇటూ ఎంత దూరం ఉంటుందో అతనికి ఆ రోజు తెలిసింది.

మూడోసారికి పెళ్లిళ్ల సీజన్ వచ్చిపడింది. ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన తారీఖుకి రైల్లో బెర్తు లేదు. వెయిటింగ్ లిస్టు కదల్లేదు. తెలిసిన కోటాలన్నీ అడిగాడు, తత్కాల్‌కి వేలు మీట మీద పెట్టుకుని కూర్చున్నాడు. దొరకలేదు. చివరికి స్లీపర్ బస్సులో, మధ్యభాగంలో, కింది బెర్తు తీసుకున్నాడు. బస్సులన్నిటిలోకీ మంచి బస్సు, డ్రైవర్లలోకీ నెమ్మదైన డ్రైవర్. అయినా దారిలో స్పీడ్ బ్రేకర్లు ఎన్నున్నాయో పాపాయి వెన్నుకి తెలిసింది. తెల్లవారి దిగేటప్పుడు చూస్తే, ఆమె నోట్లో పెట్టుకున్న తువ్వాలు పంటిగాట్లతో నలిగిపోయి ఉంది. మధ్యలో దిగాల్సి వస్తుందని ముందురోజు మధ్యాహ్నం నుంచీ మంచినీళ్లు తాగలేదని ఆసుపత్రిలో నర్సు అడిగితే చెప్పింది. అతనికి చెప్పలేదు.

ఆ తర్వాత కారు. కడియంలో ఉంటున్న సుప్రియ, ఆమె భర్త అశోక్ నర్సరీలో ఒక నెల జీతం ముందుగా తీసుకుని పంపారు. గణేష్‌బాబు అనే డ్రైవర్ పెద్ద బండి తెచ్చాడు. ముందు సీటు వెనక్కి వాల్చి, నడుం కింద దిండ్లు సర్దారు. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు, నీళ్లు తాగొచ్చు. గణేష్‌బాబు గుంత కనబడితే చాలు, బండిని మనిషి నడకలా పోనిచ్చేవాడు. కానీ ఎంత వాల్చినా సీటు మంచం కాదు. నాలుగో గంటకి పాపాయి కాళ్లు తిమ్మిరెక్కాయి. సూర్యాపేట దగ్గర రోడ్డు పక్కన ఆపి, చెట్టుకింద చాప వేసి ఆమెని పడుకోబెట్టారు. లారీలు పోతూనే ఉన్నాయి. చీర కొంగు మొహానికి కప్పుకుని గంటసేపు కదలకుండా పడుకుంది. బుల్లబ్బాయి పక్కన కూర్చుని ఈగలు తోలాడు. చేయడానికి అక్కడ అంతకంటే వేరే పని లేదు.

ఇక మిగిలింది విమానం. అందులో వద్దని అందరికీ ఎందుకు చెప్పేవాడో అతనికి బాగా తెలుసు. తెలిసీ, గాల్లో కుదుపు ఉండదు కదా అనే ఒక్క ఆశతో రెండు టిక్కెట్లు తీశాడు. పడుకోబెట్టి తీసుకెళ్లే వీలుందా అని అడిగితే, ఈ చిన్న విమానంలో స్ట్రెచర్ కుదరదు అన్నారు. మార్టేరు, సిద్ధాంతం, రావులపాలెం మీదుగా మధురపూడి చేరేసరికే పాపాయి సగం అయిపోయింది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ సీటు నిటారుగా ఉండాలని విమానంలో పనిచేసే పిల్ల మర్యాదగా, నవ్వుమొహంతో చెప్పింది. పైకి లేస్తున్నంతసేపూ పాపాయి అతని మణికట్టు పట్టుకుంది. ఆమె గోళ్ల గుర్తులు వారం దాకా పోలేదు. కిటికీలోంచి గోదావరి, ధవళేశ్వరం బ్యారేజీ గేట్లూ కనబడుతున్నాయని చెబితే, మీరు చూసి చెప్పండి, నాకు తల తిప్పుకోవడం కావట్లేదు అంది.

చివరిసారి అంబులెన్సు పెట్టాడు. అదొక్కటే ఆమెని పూర్తిగా పడుకోబెట్టి తీసుకెళ్లింది. ఛాతీ మీదా తొడల మీదా పట్టీలు బిగించారు. డ్రైవరు వేగంగా తోలాడు. నెమ్మదిగా పొమ్మంటే, పేషెంటుని తీసుకెళ్తూ నెమ్మదేంటండి అన్నాడు. పాపాయి తొమ్మిది గంటలు రేకు కప్పుని చూస్తూ పడుకుంది. పులిహోర పంచిన మొదటి ప్రయాణంతో మొదలుపెడితే ప్రతిసారీ ఖర్చు పెరిగింది, ప్రతిసారీ ఆమెకి కష్టం పెరిగింది. ఖర్చు పెరిగేకొద్దీ కష్టం తగ్గాలి కదా అని బుల్లబ్బాయి ఎన్నిసార్లు అనుకున్నాడో. ఇరవై రెండేళ్లు అతను బతికింది ఆ నమ్మకం మీదే.

ఆ రోజుల్లోనే కొట్టుకి ఒక కుర్రాడు వచ్చాడు. తల్లికి తుంటి ఎముక విరిగిందనీ, విశాఖపట్నం తీసుకెళ్లాలనీ, ఏది బాగుంటుందో చెప్పమనీ అడిగాడు. బుల్లబ్బాయి కంప్యూటర్ వైపు చూశాడు, కుర్రాడి వైపు చూశాడు. నాకు తెలియదు నాయనా అన్నాడు. అతను ఆ మాట అనడం పక్క కొట్టువాడు అంతకుముందు ఎన్నడూ వినలేదు.

వైశాఖం చివర్లో మళ్లీ తారీఖు వచ్చింది. సీట్లు తొలగించి, కింద గట్టి పరుపు వేయించి, వ్యాను ఒకటి సిద్ధం చేయిస్తే ఎలా ఉంటుందా అని అతను రెండ్రోజులు తిరిగాడు. ఆ సంగతి పాపాయికి చెబుతుంటే ఆమె మధ్యలో ఆపింది.

"ఇంక వద్దండి," అంది.

"మందు ఆపేస్తే ఎలాగే? ఇంకొక్క నాలుగుసార్లు అన్నారు."

"మీరు బండి మారుస్తున్నారు. నొప్పి మారట్లేదు. అది నాతోపాటే ఎక్కుతుంది, నాతోపాటే దిగుతుంది. నన్ను ఇంట్లో ఉండనివ్వండి."

సుప్రియ వచ్చి ఏడ్చింది, బతిమాలింది. డాక్టరుకి ఫోన్ చేస్తే, ఆయన, ఆవిడ ఇష్టమే కానివ్వండి, నొప్పి తెలియకుండా మందులు రాస్తాను, దగ్గర్లో ఎవరిచేతైనా ఇప్పించండి అన్నాడు. అంటే ఏంటో బుల్లబ్బాయికి అర్థమైంది. అర్థం కానట్టు ఇంకో రెండు ప్రశ్నలు అడిగి ఫోన్ పెట్టేశాడు. వీధి చివర ఉండే రత్తమ్మ అనే నర్సు రోజూ పొద్దున్నా సాయంత్రం వచ్చి ఇంజెక్షన్ చేసి వెళ్లేది.

జ్యేష్ఠ మాసంలో ఒకరోజు పాపాయి తనంతట తానే ఒక ప్రయాణం అడిగింది. ఆమె అక్క సుబ్బాయమ్మ గోదావరి ఏటికి అవతల సఖినేటిపల్లిలో ఉండేది. కాలు జారి పడి, ఆవిడా మంచం మీదే ఉంది. చూసి రావాలని ఉందండి అంది. రోడ్డు మీద చుట్టు తిరిగి వెళ్లడం మాట తలపెట్టడానికే లేదు. మాధవాయిపాలెం రేవులో పంటు ఉంది. మనుషుల్నీ మోటారుసైకిళ్లనీ కార్లనీ ఎక్కించుకుని ఏరు దాటించే పెద్ద బల్లకట్టు పడవ అది. బుల్లబ్బాయి తన జీవితంలో దానికి ఒక్క టిక్కెట్టు కూడా బుక్ చేయలేదు. చేయడానికి అందులో ఏమీ ఉండదు, రేవులో కొనుక్కుని ఎక్కడమే.

అరటిగెలలు వేసుకెళ్లే తోపుడుబండి అడిగి తెచ్చి, పరుపు వేసి, పాపాయిని పడుకోబెట్టి, అతనూ అశోక్ అడుగులో అడుగేసుకుంటూ రేవుకి తోశారు. పంటు నడిపే సరంగు అబ్రహాము చూసి, మోటారుసైకిళ్లని పక్కకి జరిపించి, బండిని మధ్యలో పెట్టించాడు. చక్రాల కింద రెండు ఇటుకలు వేశారు. పంటు ఒడ్డు వదిలింది.

ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. గుంత లేదు, మలుపు లేదు, బ్రేకు లేదు. నీరు మోస్తోంది. బుల్లబ్బాయి ఆమె మొహంలోకి చూస్తున్నాడు, ఎప్పుడు కనుబొమలు ముడుస్తుందా అని. ముడవలేదు. నెలల తర్వాత ఆమె తల పక్కకి తిప్పి నీళ్లకేసి చూసింది.

"ఏమీ తెలియట్లేదండి," అంది. "కదులుతున్నామా?"

"సగం వచ్చేశాం."

"కాసేపు ఇక్కడే ఆపమనండి."

అతను వెళ్లి అడిగాడు. అబ్రహాము తెల్లబోయి, "ఆయ్, నడి ఏట్లో ఆపితే పోటుకి ఎటో లాగేస్తాదండి, జనం ఉన్నారు కదా," అన్నాడు. అన్నవాడు ఊరుకోలేక, ఇంజను వేగం మాత్రం తగ్గించాడు. పదిహేను నిమిషాల దారి పాతిక నిమిషాలు పట్టింది. అవతలి ఒడ్డుకి సుబ్బాయమ్మని కూడా కుర్చీలో తీసుకొచ్చి ఉంచారు. అక్కచెల్లెళ్లు ఇద్దరూ రేవులోనే, నీడపట్టున, చేతులు పట్టుకుని కూర్చున్నారు. తిరుగు పంటులో పాపాయి నిద్రపోయింది. ప్రయాణంలో ఆమె నిద్రపోవడం అతను చూసి ఏడెనిమిది నెలలైంది.

ఆ రాత్రి అతనికి ఊరికే ఒక ఆలోచన వస్తూ పోతూ ఉంది. హైదరాబాదు దాకా ఏరు ఉంటే ఎంత బాగుండేది అని. చిన్నపిల్లాడి ఆలోచన అని తెలుసు. అయినా రెండు మూడు రోజులు వదల్లేదు.

పాపాయి మళ్లీ ఎప్పుడు వెళ్దాం అని అడిగేది. ఈ మాటు అవతల దిగక్కర్లేదు, ఊరికే అటూ ఇటూ తిరిగి వద్దాం అనేది. అలాగే అన్నాడు. అబ్రహాముకి చెప్పి కూడా ఉంచాడు. ఆషాఢం చివర్లో ఎగువన వానలు పట్టుకున్నాయి. ధవళేశ్వరం దగ్గర గేట్లెత్తి నీళ్లు వదిలారు. ఏరు ఎర్రబడి, రేవు మెట్లు మునిగి, పంటు ఆపేశారు. బుల్లబ్బాయి రోజూ పొద్దున్నే సైకిలు మీద రేవుకి వెళ్లి చూసి వచ్చేవాడు. రెండో ప్రమాద హెచ్చరిక తీసేశారా అని కనబడినవాళ్లని అడిగేవాడు. ఇంటికొచ్చేసరికి పాపాయి గుమ్మం వైపు చూస్తూ ఉండేది. నోటితో అడిగే ఓపిక అప్పటికి పోయింది. రేపు తీస్తారట అనేవాడు.

వరద తగ్గడానికి పదకొండు రోజులు పట్టింది. తొమ్మిదో రోజు సాయంత్రం, రత్తమ్మ ఇంజెక్షన్ చేసి వెళ్లిన తర్వాత, అతను మంచం పక్కన కూర్చుని కాళ్లు పడుతుండగా పాపాయి పోయింది.

కొట్టు నెలన్నర మూసి ఉంది. తర్వాత తెరిచాడు. ఇప్పుడూ టిక్కెట్లు బుక్ చేస్తాడు, ఇప్పుడూ అన్నీ అడుగుతాడు. జబ్బుపడినవాళ్లని తీసుకెళ్లాలని ఎవరైనా వస్తే మాత్రం బల్ల మీద చేతులు పెట్టుకుని, వాళ్లు చెప్పేదంతా మధ్యలో అడ్డురాకుండా వింటాడు. తర్వాత, అన్నిటిలోనూ కష్టమే అండి, మీరు పక్కనే ఉండండి అంటాడు. వాళ్లు అడిగిన టిక్కెట్టు ఏదైతే అది తీసి ఇస్తాడు.