సిద్ధం కాని నీళ్ళు

విజయరత్నం గ్లాసుడు నీళ్ళు ముంచి, వెలుతురుకి ఎత్తి చూసి, ఒక చుక్క నాలిక మీద వేసుకుని ఉప్పెంతో చెప్పేసేవాడు. తర్వాత పరికరం పెట్టి చూసినా అదే లెక్క తేలేది. భీమిలి రోడ్డులోని రొయ్యపిల్లల హేచరీలో అతని పని అదే. సముద్రపు నీళ్ళు తోడించి, వడకట్టించి, కంటికి సరిగా ఆనని పిల్లల్ని చెరువులకు పంపేదాకా సాకేవాడు. తొంభై అయిదులో తెల్లమచ్చ తెగులు వచ్చి ఆ హేచరీ మూతపడింది. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. ఆ తర్వాత పన్నెండేళ్ళలో హేచరీ మాట ఇంట్లో ఒక్కసారి కూడా ఎత్తలేదు. భార్య పుష్పకుమారి రెండు మూడుసార్లు అడిగి ఊరుకుంది.

పుష్పకుమారి మిషన్ స్కూల్లో ఇరవై ఆరేళ్ళు మూడో తరగతికి పాఠాలు చెప్పింది. రెండువేల ఏడు వర్షాకాలంలో కడుపునొప్పి అని ఆసుపత్రికి వెళితే, కడుపు కోసి చూసి, ఏమీ తియ్యకుండానే మళ్ళీ కుట్టేశారు. "ఇంటికి తీసుకెళ్ళండి. ఆవిడకి ఏది తినాలనిపిస్తే అది పెట్టండి" అన్నాడు డాక్టరు. పెందుర్తిలో వాళ్ళు అద్దెకుంటున్న ఇంటి ముందుగదిలో మంచం వేశారు.

"ఈ గోడ చూడలేకపోతన్నానండీ. ఎదురుగా ఏదైనా కదిలేది పెట్టండి" అంది ఒక రోజు.

"టీవీ ఇటు తిప్పనా అమ్మా?" అంది కూతురు దీనా. ఆ పిల్ల కొరియర్ ఆఫీసులో పనిచేస్తుంది.

"టీవీ కాదే. ప్రాణం ఉన్నది."

విజయరత్నం గాజు పలకలు కోయించి తెచ్చి, అడుగున్నర పొడవు తొట్టె తనే అతికించాడు. అడుగున ఇసక పరిచాడు. పక్కన పారే గెడ్డలోంచి నాచుమొక్కలు తెచ్చి నాటాడు. గాలి బుడగల మోటారు పెట్టాడు. డ్రమ్ములో రెండు రోజులు నిలవుంచిన నీళ్ళు పోశాడు. చేపలు మాత్రం తేలేదు. రోజూ పొద్దున్నే చిటికెడు మేత ఆ ఖాళీ నీళ్ళలో వేసి, ముక్కాలిపీట లాక్కుని తొట్టె ముందు కూర్చునేవాడు.

"అందులో ఎవరూ లేరు కదండీ, ఎవరికి ఆ మేత?"

"నీళ్ళకి" అన్నాడు. "సేప పెంట నీళ్ళల్లో విషమైపోద్ది. ఆ విషాన్ని తినీసే పురుగొకటి ఉంటది, కంటికి కనపడదు. ముందు అది పుట్టాల. నెల్రోజులు పడతాది పుష్పా."

నెల అన్న మాట విని ఆమె దిండు మీద తల వాల్చేసింది. దీనా తండ్రి వెనకాలే వంటగదిలోకి వచ్చింది.

"అమ్మకి నెల్రోజులు ఎక్కడున్నాయి నాన్నా?"

"తొందరపడితే సచ్చిపోతాయే."

"సచ్చిపోతే మళ్ళీ తెద్దాం."

నెలంతా ఆగక్కర్లేని దారి ఒకటి ఉందని అతనికి తెలుసు. హేచరీలో తనతో పనిచేసిన తాతబాబు పూర్ణా మార్కెట్ దగ్గర ఉంటాడు, ఇంట్లో ఏళ్ళ తరబడి చేపల్ని పెంచుతున్నాడు. అతని తొట్టెలో నానిన స్పాంజి ముక్క తెచ్చి వేస్తే, ఆ పురుగు దాంతోపాటే వస్తుంది. తొమ్మిదో రోజు ఆ ముక్క కోసం బయల్దేరాడు. ఎందుకు వెళుతున్నాడో ఎవరికీ చెప్పలేదు.

స్పాంజిని నీళ్ళ కవర్లో పెట్టుకుని మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి పుష్పకుమారి దిండుకు చేరగిలబడి నవ్వుతోంది. తొట్టెలో అగ్గిపుల్లంత చేపలు పదిహేను, ఒంటిమీద నీలంగీత, తోక దగ్గర ఎరుపు. నాచు మీద వేలిగోరంత ఎర్ర రొయ్యలు పది. దీనా ఒక పూట సెలవు పెట్టి, ద్వారకానగర్లో కొనుక్కొచ్చి వదిలింది.

విజయరత్నం చెప్పులు విప్పకుండానే తొట్టె దగ్గరికి నడిచాడు. రొయ్యలు ఒక చోట నిలబడకుండా పిచ్చెక్కినట్టు గుండ్రంగా తిరుగుతున్నాయి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి.

"ఇందులో ఏటి పోసేవు?"

"నీళ్ళు తగ్గినాయని ఒక బిందెడు... కుళాయివి."

"బ్లీచింగు మందు కలుపుతారే ఆ నీళ్ళల్లో! సంపీసేవు కదే!"

దీనా తల్లి వైపు చూసింది. పుష్పకుమారి ముఖంలో నవ్వు లేదు.

"దాన్నేమీ అనకండి. నాకోసం తెచ్చింది" అంది.

అతను సగం నీళ్ళు తోడేసి డ్రమ్ములోవి పోశాడు, స్పాంజి వేశాడు. సాయంత్రానికి అయిదు రొయ్యలు రంగు పోయి తెల్లబడి అడుగున పడ్డాయి. ఆ మర్నాటి నుంచి చేపల వంతు. పొద్దునా సాయంత్రం నీళ్ళు మార్చినా చావులు ఆగలేదు. పుష్పకుమారి కునుకు తీసినప్పుడు చచ్చినవాటిని చెంచాతో తీసి కాగితంలో చుట్టి పారేసేవాడు.

"దాచకండి" అంది ఆమె నాలుగో రోజున, కళ్ళు తెరవకుండానే. "పొద్దున తొమ్మిదున్నాయి, ఇప్పుడు ఏడు. నలభై మంది పిల్లల్ని రోజూ లెక్కపెట్టినదాన్నండీ నేను."

అతను చెంచా పీట మీద పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"ఆ హేచరీలో ఏటైంది? ఇప్పుడైనా సెప్పండి. నేనెవరికి సెప్తాను?"

అతను చెప్పాడు. తెగులు చెరువులకు పాకకముందే పిల్లలన్నిటినీ చంపెయ్యమన్నాడు యజమాని. నలభై లక్షల పిల్లలు. పనివాళ్ళు ముందుకు రాలేదు. తన చేతుల్తోనే తొట్టె తర్వాత తొట్టెలో బ్లీచింగ్ పౌడరు కలిపాడు.

"అవన్నీ గోడల్ని పట్టుకుని పైకి రాబోయేయి. అరగంటకి అన్నీ కిందకి దిగిపోనాయి. అంత తేట నీళ్ళు నా జన్మలో సూళ్ళేదు పుష్పా."

పుష్పకుమారి కళ్ళు తెరిచి చూసింది. "ఇన్నాళ్ళూ అది ఒక్కరే మోసేరా" అంది. ఆయాసం తీర్చుకుని, "ఒక మాట. నేను ఇల్లు చేరిన కాణ్ణించి మీరు నీళ్ళ దగ్గరే కూర్చుంటన్నారు. నా దగ్గర కూర్చోలేదు" అంది.

అతను ముక్కాలిపీట తెచ్చి మంచం పక్కన వేసుకున్నాడు. ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళడం మానేశాడు. నోరు ఎండిపోతే తడిగుడ్డతో తడపడం, వీపు కింద బట్ట మార్చడం అన్నీ అతనే చేశాడు. నొప్పికి ఇచ్చిన మాత్రలు చివరి మూడు రోజులూ పనిచెయ్యలేదు. ఆమె కేకలకు పక్కింటివాళ్ళు తలుపులు వేసుకున్నారు. గురువారం మధ్యాహ్నం, అతని చెయ్యి పట్టుకునే పోయింది. అప్పటికి తొట్టెలో నాలుగు చేపలూ మూడు రొయ్యలూ మిగిలాయి.

ఆమె పేర ఇంట్లో జరిగిన ఆదరణ కూడిక ప్రార్థన అయ్యి, పాస్టరు గారూ చుట్టాలూ వెళ్ళిపోయాక దీనా కుర్చీలు మడిచి గోడకు చేరుస్తోంది.

"ఆ రోజు 'సంపీసేవు' అని నువ్వన్న మాట అమ్మ ఇన్నాది నాన్నా."

"సేపల గురించే అన్నాను తల్లీ."

"తెలుసు. అయినా ఇన్నాది. ఆ మాటతో నేను తెచ్చిందంతా అమ్మకి సావులాగే కనపడింది."

విజయరత్నం నేలకేసి చూశాడు. "తప్పు నాదే. నెల్రోజులని సెప్పి కూకున్నాను గాని, కుళాయి నీళ్ళ మాట నీకు సెప్పనేదు. స్పాంజి కోసం ఎల్తన్నానని కూడా సెప్పనేదు. సెప్పుంటే ఆ ఒక్క పూటా ఆగుందువు."

దీనా ఆఖరి కుర్చీ మడిచి పెట్టి లోపలికి వెళ్ళింది.

జనవరిలో ఆఫీసుకు దగ్గరగా ఉంటుందని హాస్టల్లో చేరింది. మిగిలిన చేపలు ఎండాకాలం దాకా బతికాయి. ప్రతి ఆదివారం దీనా వస్తుంది, తండ్రితో చర్చికి వెళుతుంది, వంట చేసి పెడుతుంది, అతని బీపీ మాత్రలు చూసి వెళుతుంది. అయితే పెరటి గుమ్మంలోంచే వచ్చి అందులోంచే పోతుంది. తొట్టె ఉన్న ముందుగదిలో అడుగుపెట్టదు.