చేతులు తెగిన బొమ్మలు

మా కొండ ఊళ్లో ఏ పిల్ల జడుసుకుని జ్వరం తెచ్చుకున్నా చ్యావ్ మామ్మే దిక్కు. ఎర్ర కాగితం మడిచి ఆమె కత్తిరిస్తే, చేతులు పట్టుకున్న పిల్లబొమ్మలు బారుగా విచ్చుకునేవి. వాటిని గోడకు అంటించి పేరు పెట్టి పిలిస్తే, దారి తప్పిన ప్రాణం ఆ చేతులు పట్టుకుని ఇంటికి వస్తుందని మా నమ్మకం.

ఈసారి జ్వరం ఆమె మనవరాలు నీనీకే. పట్నం డాక్టర్లు చేతులెత్తేశారు. ఇంట్లో మిగిలిన ఒక్క కాగితంలో మూడు బొమ్మలే పట్టాయి. మామ్మ కత్తెర జారి, చేతులు కలిసే మడతను కూడా తెంపేసింది. బొమ్మలు విడివిడిగా రాలాయి.

"చేతులు తెగ్గోశావు కదత్తా!" కోడలు రుయ్‌ఫాంగ్ గొల్లుమంది. "అతికిస్తే ప్రాణం పట్టుకోదని నువ్వే అంటావుగా!"

"నోరు ముయ్యవే. అతికించను. నా చేతులు లేవూ?"

మామ్మ మూడు బొమ్మల్నీ ఎడంగా అంటించి, మధ్య ఖాళీల్లో తన రెండు అరచేతులూ ఆనించి నిలబడింది.

"నీనీ, ఇంటికి రా తల్లీ!"

ప్రతి పిలుపుకూ కన్నతల్లి "వచ్చింది" అని బదులు చెప్పాలి. రుయ్‌ఫాంగ్ బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి కొయ్యబారిపోయింది.

గోడ మీది చేతులు తియ్యకుండానే మామ్మ అరిచింది.

"అనవే! నువ్వనకపోతే అదెలా వస్తుందే?"