సాంచెల చప్పుడులో రాజమల్లు మాట

కమలాకర్‌కు సినిమా పిచ్చి. అయితే ఆ పిచ్చికి హీరోలతో పని లేదు. బతకను వచ్చిన పరాయి రాష్ట్రపు పట్నంలో, గోడాదరా అనే పేటలోని తన గదిలో గోడకు చేరగిలబడి, పది మంది కూడా చూడని సినిమాలను ఫోన్‌లో వెతికి వెతికి చూసేవాడు. మూలనపడ్డ బస్సులో కాపురం పెట్టిన ముసలాయన, శ్మశానంలో గోతులు తవ్వి బతికే ఆడమనిషి, ఊరు వెలేసిన జంట, అన్నీ ఇలాంటి కథలే. భాష రాకపోయినా అతనికి ఇబ్బంది లేదు. ముప్పై ఏళ్లు సాంచెల మీద బట్ట నేసినవాడికి చెవులతో పనేముంది? నూరు సాంచెలు, అంటే మరమగ్గాలు, ఒక్కసారిగా ఆడే షెడ్డులో ఎవరి గొంతూ ఎవరికీ వినపడదు. ముఖం, పెదాలు చూసి మాట పట్టుకోవడమే అక్కడి విద్య.

"గా సినిమాలల్ల ఏడుపు తప్ప ఏముంటదిరా" అని తోటివాళ్లు ఆటపట్టించేవారు.

"సూసేటోళ్ల కోసం అబద్ధం ఆడరు. గది ఉంటది" అనేవాడు.

అలాంటి సినిమా తానూ ఒకటి తీయాలనుకున్నాడు. కథ కోసం దూరం పోనక్కర్లేకపోయింది. పక్క సాంచె మీదే రాజమల్లు ఉన్నాడు. జగిత్యాల దిక్కు నుంచి వచ్చినవాడు. అదే పట్నంలోని వడోద్‌లో ఒక్క గదిలో, కరుణ అనే హిజ్రాతో ఇరవై ఏళ్లుగా కాపురం చేస్తున్నాడు. దాన్ని కాపురం అని లోకం అనదు. లోకం అనే మాటలు రాయడం దండగ. బాధేమిటంటే రాజమల్లు కూడా కాపురం అనేవాడు కాదు. ఎవరైనా అడిగితే, కరుణ పక్కనే ఉన్నా సరే, "వంట చేసి పెడ్తది" అని తప్పుకునేవాడు.

సెలవునాడు సాంచెలు ఆగి ఉన్నప్పుడు ఫోన్ ఎదురుగా పెట్టి కూర్చోబెడితే రాజమల్లుకు నోరు పెగల్లేదు.

"సప్పుడు లేకుంటే నాకు మాట రాదురా. ఎవలన్న ఇంటరు" అన్నాడు.

సరేనని మర్నాడు సాంచెలు ఆడుతుండగానే తీశాడు కమలాకర్. నూలు కండెలు మారుస్తూ రాజమల్లు మనసు విప్పాడు. కరుణతో ఉంటున్నాడని తల్లి తన కంచం విడిగా పెట్టిన సంగతి, టైఫాయిడ్ వస్తే కరుణ నెల రోజులు కునుకు లేకుండా చేసిన సేవ, అన్నీ చెప్పాడు. కమలాకర్ ఒక్క ముక్క పోకుండా విన్నాడు. విన్నాననే అనుకున్నాడు పాపం. ఆ గొంతు ఫోన్‌లోకి ఎక్కుతోందా లేదా అన్న ఆలోచనే ఆ మహానుభావుడికి రాలేదు.

ఆ వానాకాలంలోనే ఊపిరితిత్తులు చెడి రాజమల్లు పోయాడు. ఊరి నుంచి తమ్ముళ్లు వచ్చి శవాన్ని బండిలో తీసుకెళ్లారు. కరుణను ఎక్కనివ్వలేదు.

పదకొండో నాడు ఆమె కమలాకర్ గదికి వచ్చింది.

"అన్నా, నువ్వు ఫోన్ల తీసిన దాంట్ల నా గురించి ఆయన ఏమన్నడో జర వినిపియ్యి. నా ముంగట ఏనాడూ ఏం అనకపాయె."

కమలాకర్ ఫోన్ చేతికిచ్చాడు. కాసేపు చెవి దగ్గర పెట్టుకుని, ఆమె అయోమయంగా తలెత్తింది.

"సాంచెలే మోగుతున్నయ్. ఆయన గొంతు ఏది?"

చేసిన పని కమలాకర్‌కు అప్పుడు తెలిసింది. ఫోన్ తీసుకుని, రాజమల్లు పెదాలు చూస్తూ ఒక్కొక్క మాటా తానే చెప్పసాగాడు. టైఫాయిడ్ సంగతి వచ్చేసరికి కరుణ కొంగు నోట్లో కుక్కుకుంది.

చివర్లో, "మరి కరుణ నీకు ఏమైతదే అన్నా?" అని ఆనాడు తీస్తున్నప్పుడు కమలాకరే అడిగాడు. సరిగ్గా అప్పుడే పోగు తెగింది. రాజమల్లు సాంచె మీదికి వంగి, పోగు అతుకుతూ ఏదో చెప్పాడు. ఫోన్‌లో వీపే కనిపిస్తోంది. మళ్లీ అడగొచ్చులే అనుకున్నాడు ఆనాడు కమలాకర్. అడగనే లేదు.

"ఏమన్నడన్నా?"

నాలుగుసార్లు వెనక్కి జరిపి చూశాడు. నోటిదాకా ఒక మాట వచ్చింది. కానీ చచ్చినవాడి నోట్లో తన మాట పెట్టడం పాపమనిపించింది.

"తెల్వదు కరుణా. పెదాలు కనవడలె."

కరుణ లేచి చెప్పులు తొడుక్కుంది. ఆమె గొంతులో నిష్ఠూరం కూడా లేదు.

"పెండ్లాం అన్నడని చెప్పకపోతివా అన్నా. నేను నమ్ముదును గద."